యుద్ధకాలపు జర్మన్ సైనికాధికారుల ఉత్తరాలు: సంతకం దగ్గర మొదలుపెట్టకండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. చాలాకాలంగా తపాలా బిళ్లలు సేకరిస్తున్న మీరు ఇప్పుడు రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ సైనికాధికారులు సంతకం చేసిన ఉత్తరాల వైపు మళ్లాలనుకుంటున్నారు. విదేశీ ఆన్‌లైన్ వేలంలో రెండు ఉత్తరాలు మీ కంట పడ్డాయి. మొదటిది 1942 అక్టోబరు 5 తేదీతో ఆఫ్రికా యుద్ధరంగం నుంచి ఫీల్డ్ మార్షల్ రోమెల్ రాసినట్లు చెబుతున్న టైపు కాగితం. కింద సిరా సంతకం ఉంది, అమ్మేవారి ధ్రువపత్రమూ ఉంది. రెండోది ఎవరూ పేరు వినని ఒక కంపెనీ కమాండర్ తూర్పు రంగం (సోవియట్ యూనియన్‌తో పోరాడిన రంగం) నుంచి, చనిపోయిన సైనికుడి తల్లికి చేత్తో రాసిన సంతాపలేఖ. కవరు కూడా ఉంది. దాని ధర మొదటిదానిలో పదో వంతు కూడా లేదు. ఏది కొనాలి, ఎలా పరీక్షించాలి, చట్టపరమైన చిక్కులు ఏమైనా ఉన్నాయా, మన వాతావరణంలో ఎలా దాచాలి అన్నవి మీ ప్రశ్నలు.

మొదటిది కొనకండి. దాన్ని తోసిపుచ్చడానికి సంతకం దాకా వెళ్లనవసరం లేదు, తేదీ చాలు. రోమెల్ ఆరోగ్యం చెడి 1942 సెప్టెంబరు 23న ఆఫ్రికా వదిలి వెళ్లాడు. సెప్టెంబరు 30న బెర్లిన్‌లో హిట్లర్ చేతుల మీదుగా ఫీల్డ్ మార్షల్ దండం అందుకుని, ఆ తర్వాత ఆస్ట్రియాలోని సెమరింగ్ కొండల్లో చికిత్సలో ఉన్నాడు. ఆఫ్రికాలో ఆయన స్థానంలో ఉన్నది జనరల్ స్టుమ్మె. ఈజిప్టులోని ఎల్ అలమైన్‌పై బ్రిటిష్ దాడి అక్టోబరు 23 రాత్రి మొదలైంది, మరునాడే స్టుమ్మె మరణించాడు, 25న రోమెల్ తిరిగి వచ్చాడు. అంటే అక్టోబరు 5న ఆఫ్రికాలో కూర్చుని ఉత్తరం మీద సంతకం చేయడానికి ఆయన అక్కడ లేడు.

ఇలా చూడడమే ఈ రంగంలో అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష, ఖర్చు లేనిది కూడా. ఏ అధికారి ఏ రోజున ఎక్కడ ఉన్నాడు, అప్పుడు హోదా ఏమిటి, ఏ దళం చేతిలో ఉంది అన్న వివరాలు పెద్ద అధికారుల విషయంలో దాదాపు రోజువారీగా దొరుకుతాయి. దొంగ సంతకం నేర్చినవాడు అక్షరాలను నెలల తరబడి సాధన చేస్తాడు కానీ క్యాలెండర్ మీద అంత శ్రమ పెట్టడు. రోమెల్‌నే తీసుకుంటే, 1941 ఫిబ్రవరి 12న ట్రిపోలీలో దిగాడు, లిబియాలోని టోబ్రూక్ కోట పడిపోయిన మరునాడు, 1942 జూన్ 22న ఫీల్డ్ మార్షల్ అయ్యాడు, 1943 మార్చి 9న ఆఫ్రికాను శాశ్వతంగా వదిలాడు, 1944 జులై 17న విమాన దాడిలో గాయపడ్డాడు, అక్టోబరు 14న ఆత్మహత్యకు బలవంతపెట్టారు. ఈ తేదీలు దగ్గర ఉంచుకుంటే చాలా కాగితాలు చూసీచూడగానే పక్కకు పోతాయి.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ పౌలస్. స్టాలిన్‌గ్రాడ్ ముట్టడిలో చిక్కిన జర్మన్ ఆరో సైన్యం అధిపతి పౌలస్‌ను 1943 జనవరి 30న ఫీల్డ్ మార్షల్ చేశారు. మరునాడే ఆయన సోవియట్ సైన్యానికి పట్టుబడ్డాడు. అప్పటికి వారం కిందటే విమానాశ్రయాలన్నీ చేజారాయి, ఉత్తరాలు బయటికి వెళ్లే దారే లేదు. కాబట్టి ముట్టడి లోపలి నుంచి ఫీల్డ్ మార్షల్ హోదాతో పౌలస్ ఇంటికి పంపిన ఉత్తరం అని ఎవరైనా అమ్మితే, బేరం మొదలుపెట్టకుండానే వదిలేయండి. బందీగా ఉన్నప్పుడు రాసినవి వేరే సంగతి.

సంతకం విషయంలో కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడ. మన ప్రభుత్వ ఉత్తర్వు నకలులో పెద్ద అధికారి పేరుకు ముందు ‘సం/-’ అని ఉండి, కింద సూపరింటెండెంటు ‘నిజప్రతి’ అని సంతకం చేస్తాడు కదా, జర్మన్ సైన్యంలోనూ అచ్చం అదే పద్ధతి. టైపు చేసిన జనరల్ పేరుకు ముందు ‘గెట్సైష్నెట్’ (సంతకం చేసినది) అన్న మాట పొడి అక్షరాలు కనిపిస్తే, అసలు సంతకం మరో ప్రతి మీద ఉందని అర్థం. దాని కింద ఎడమవైపు ‘ఫ్యూర్ డీ రిష్టిగ్‌కైట్’ (నకలు సరైనదని ధ్రువీకరణ) అన్న మాటల మొదటి అక్షరాలు ఉండి, పక్కన సిరాతో ఒక సంతకం ఉంటే అది నకలు సరిచూసిన కెప్టెనుదో లెఫ్టినెంటుదో. వేలం ప్రకటనల్లో మాత్రం అది జనరల్ సంతకం అయిపోతుంది. ఇందులో కాగితం దొంగది కాదు, దాని వర్ణనే అబద్ధం. ధర ఆ కెప్టెను సంతకానికి తగ్గట్టుగా ఉండి, విషయం బాగుంటే అలాంటి నకళ్లను నేను సంతోషంగా కొంటాను. అలాగే పేరుకు ముందు ‘ఇమ్ ఔఫ్‌ట్రాగ్’ లేదా ‘ఇన్ ఫెర్ట్రేటుంగ్’ ఉంటే, అధికారి తరఫున మరొకరు సంతకం చేశారన్న మాట. పతకాల ప్రదాన పత్రాల మీద చాలాచోట్ల సంతకం అచ్చు వేసినదో రబ్బరు ముద్రో అయి ఉంటుంది. అయితే రెండో తరగతి ఐరన్ క్రాస్ అనే సైనిక పతకం పత్రాల మీద డివిజన్ కమాండర్లు తరచుగా స్వయంగా సిరాతో సంతకం చేశారు. ఒక జనరల్ అసలు సంతకం తక్కువ ధరలో కావాలనుకునేవారికి ఇదే రాజమార్గం.

ఇక కాగితం. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి ఒకటి కొనుక్కోండి. సుమారు 1950 తర్వాత తయారైన కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుతురులో నీలంగా మెరుస్తాయి. యుద్ధకాలపు కాగితం మసకగా, పసుపు పచ్చగానో బూడిదరంగుగానో కనబడుతుంది. 1983లో జర్మనీకి చెందిన ‘స్టెర్న్’ పత్రిక హిట్లర్ డైరీలంటూ ప్రకటించిన పుస్తకాల గుట్టు బయటపెట్టిన ఆధారాల్లో ఇదే ముఖ్యమైనది. వాటిని రాసిన కోన్రాడ్ కుజావ్ అంతకుముందు నుంచీ యుద్ధకాలపు వస్తువులు, దొంగ దస్తావేజులు అమ్ముతున్నవాడే. ఏప్రిల్ 25న పత్రికా సమావేశం పెట్టి ఘనంగా చాటారు, మే 6కల్లా జర్మనీ జాతీయ ప్రాచీన పత్రాల సంస్థ అవి నకిలీవని తేల్చింది. అయితే సేకర్తలు గుర్తుంచుకోవలసిన సంగతి దానికి ముందు జరిగింది. చేతిరాత నిపుణులు ఆ డైరీలు అసలైనవేనని చెప్పారు. పోల్చి చూడడానికి వాళ్లకు ఇచ్చిన నమూనాల్లోనే కుజావ్ రాసినవి కలిసి ఉన్నాయి! నకిలీని నకిలీతో పోల్చి, రెండూ ఒక్క చేతివే అని సరిగ్గానే చెప్పారు పాపం. అందుకే ఎవరైనా నిపుణుడి ధ్రువపత్రం చూపిస్తే నేను అడిగే మొదటి మాట, దేనితో పోల్చారు అని. జవాబు రాకపోతే ఆ పత్రానికి విలువ లేదు. మీ రోమెల్ ఉత్తరంతో వచ్చినదాని సంగతీ అంతే. అమ్మేవాడే ఇచ్చే ధ్రువపత్రం అమ్మేవాడి మాటకన్నా ఎక్కువ కాదు.

టార్చి కింద మెరిస్తే కాగితం పోయినట్లే. మెరవకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు. పాత పుస్తకాల చివర ఖాళీ పుటలు చింపి వాడతారు. 1945లో అమెరికన్ సైనికులు నాజీ కార్యాలయాల నుంచి పేరు అచ్చువేసిన ఖాళీ కాగితాలను జ్ఞాపకాలుగా తీసుకెళ్లారు, అవి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. కాగితం, అచ్చు రెండూ అసలైనవై, రాత ఒక్కటే నిన్నటిది కావచ్చు. కాబట్టి భూతద్దం తీసి మడతలు చూడండి. మొదట రాసి తర్వాత మడిచిన కాగితంలో సిరా గీత మడత దగ్గర తెగుతుంది. ముందే మడత పడి ఉన్న పాత కాగితం మీద రాస్తే, విరిగిన పీచులోకి సిరా పాకి, మడత పొడుగునా చిన్న చిన్న కొమ్మలు వేస్తుంది. బాల్ పాయింట్ పెన్ను గీత కనిపిస్తే మరీ తేలిక. యుద్ధం ముగిసేవరకు అది జర్మనీలో మామూలు వాడుకలోకి రాలేదు.

మరో గుర్తు, కాగితం నడిచిన దారి. కార్యాలయానికి చేరిన ఉత్తరం మీద స్వీకార ముద్ర పడుతుంది, ఫైలు సంఖ్య వేస్తారు, చదివినవాళ్లు రంగు పెన్సిళ్లతో పొడి అక్షరాలు పెడతారు. నాజీ ఎస్.ఎస్. దళాల అధిపతి హిమ్లర్ ఆకుపచ్చ పెన్సిలు వాడకం అందరికీ తెలిసిందే. ఎడమ అంచున 80 మిల్లీమీటర్ల దూరంలో రెండు ఫైలు రంధ్రాలు ఉంటాయి. కాగితం కొలత 210×297 మిల్లీమీటర్లు, 1922 నుంచి జర్మన్ ప్రమాణం అది. అమెరికన్ కొలత కాగితం మీద జర్మన్ జనరల్ ఉత్తరం వస్తే ఎక్కడ పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు. దొంగ ఉత్తరాలు సాధారణంగా శుభ్రంగా ఉంటాయి. మచ్చా మరకా, ముద్రా రంధ్రం ఏవీ లేకుండా, సంతకం మాత్రం పెద్దగా నడుమ వచ్చేలా ఉంటాయి.

ఇప్పుడు మీ రెండో ఉత్తరం. మీరు పంపిన చిత్రాలు చూశాక దాని మీదే నాకు ఆసక్తి కలిగింది. కవరు మీద తపాలా బిళ్ల లేదు, ఆ చోట చేత్తో ‘ఫెల్డ్‌పోస్ట్’ అని రాసి ఉంది. అది సరైనదే. సైనిక తపాలాలో 250 గ్రాముల లోపు మామూలు ఉత్తరాలు ఉచితంగా వెళ్లేవి. పంపినవారి చిరునామాలో ఊరు లేదు, దళం పేరు లేదు, ఐదంకెల సంఖ్య ఒక్కటే ఉంది. శత్రువుకు ఏ దళం ఎక్కడుందో తెలియకుండా పెట్టిన ఏర్పాటు ఇది. ఉత్తరం పైన కుడిమూలన తేదీకి ముందు ‘ఓ. యు.’ అన్న రెండక్షరాలున్నాయి, మకాం వేసిన చోటు అని దాని అర్థం. ఆ సంఖ్య ఏ దళానిదో చెప్పే జాబితాలు పుస్తకాలుగా వచ్చాయి. ఒకే సంఖ్య యుద్ధం మధ్యలో వేరే దళానికి మారిన సందర్భాలున్నాయి కాబట్టి తేదీతో కలిపి చూడాలి. సంఖ్య, తేదీ, కవరు మీది దళ ముద్ర, ఉత్తరం చివర ఆ అధికారి రాసుకున్న హోదా ఈ నాలుగూ పొసిగితే ఉత్తరం తొంభై పాళ్లు నిలబడినట్లే. అనామకుడైన ఓబర్‌లాయిట్‌నాంట్ (లెఫ్టినెంటు స్థాయి చిన్న అధికారి) పేరుతో ఇంత శ్రమపడి నకిలీ తయారుచేస్తే ఎవరికీ గిట్టుబాటు కాదు. చిన్న అధికారుల ఉత్తరాలు కొనడంలో ఉన్న నిశ్చింత అదే.

దాని చేతిరాత కుర్రెంట్ అనే పాత జర్మన్ లిపి. ఆ అధికారి చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నది. 1941లో నాజీ ప్రభుత్వమే ఇలాంటి పాత లిపులను పక్కనబెట్టి లాటిన్ లిపి నేర్పమని ఆదేశించింది కానీ, పెద్దవాళ్ల చేయి ఒక్కరోజులో మారదు కదా. ఈ లిపి చదవడం నేర్చుకోండి. ఈ రంగంలో పెట్టగలిగిన మంచి పెట్టుబడి ఇదేనని నా గట్టి నమ్మకం. అమ్మేవాళ్లలో చాలామంది తాము అమ్ముతున్నది చదవలేరు. సంతకం చూసి ధర కడతారు, లోపలి విషయం ఉచితంగా మీకు వస్తుంది.

విషయం చదివేటప్పుడు ఒక జాగ్రత్త. సైనికుడు చనిపోతే కంపెనీ కమాండరు కుటుంబానికి స్వయంగా రాయడం అక్కడ విధి. అందుకే ఆ ఉత్తరాల్లో కొన్ని మాటలు పదేపదే వస్తాయి: క్షణంలో ప్రాణం పోయింది, బాధ తెలియలేదు, మంచి సహచరుడు, ‘నాయకుడి కోసం, జాతి కోసం, మాతృభూమి కోసం’ ప్రాణమిచ్చాడు. మీ ఉత్తరంలోనూ మొదటి మూడూ ఉన్నాయి, నాలుగోది లేదు. రాసినవాడు దాన్ని కావాలని వదిలేశాడని ఈ ఒక్క కాగితాన్ని బట్టి నేను చెప్పను. కానీ అదే అధికారి రాసిన మరో రెండు మూడు ఉత్తరాలు దొరికితే తెలుస్తుంది. సేకరణ చరిత్రగా మారేది అలా పోల్చి చూడగలిగినప్పుడే. పదిమంది ప్రముఖుల పది సంతకాలకన్నా, ఒకే దళానికి చెందిన పది మామూలు ఉత్తరాలు ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతాయి.

ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ సైన్యం పోలండ్‌లో, సోవియట్ నేల మీద, బాల్కన్‌లలో చేసిన ఘోరాలను పక్కనబెట్టి ఈ కాగితాలను సేకరించడం నాకు సమ్మతం కాదు. అమ్మకందారుల వర్ణనల్లో ఫీల్డ్ మార్షల్ మాన్‌స్టైన్ ఎప్పుడూ గొప్ప వ్యూహకర్తే. 1941 నవంబరు 20న ఆయన తన సైన్యానికిచ్చిన ఉత్తర్వులో ‘యూదు-బోల్షెవిక్’ వ్యవస్థను శాశ్వతంగా నిర్మూలించాలని ఉంది. 1949లో హాంబుర్గ్‌లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం ఆయనకు 18 ఏళ్ల శిక్ష వేసింది, 1953లోనే బయటికి వచ్చాడు. ఈ సంగతి తెలిసిన ఇంట్లోనే ఆయన సంతకం ఉండాలి. నా దగ్గరున్న ప్రతి ఉత్తరంతోపాటు ఒక కాగితం పెడతాను, ఆ తేదీన ఆ దళం ఎక్కడుంది, చుట్టుపక్కల ఏం జరిగింది అని రాసి. ఉత్తరంలో కాల్చివేతలు, గ్రామాల దహనం, యూదుల తరలింపు వంటి ప్రస్తావన కనిపిస్తే దాన్ని స్కాన్ చేసి ఫ్రైబుర్గ్‌లోని జర్మన్ సైనిక పత్రాగారానికో జెరూసలెంలోని యూదు మారణహోమ స్మారక సంస్థ యాద్ వాషెమ్‌కో పంపండి. అటువంటి సాక్ష్యం మీ బీరువాలో మాత్రమే ఉండకూడదు. వీటిని చట్రం కట్టి గోడకు తగిలించవద్దనీ కోరుతున్నాను.

యుద్ధం తర్వాత రాసిన ఉత్తరాల గురించి కూడా కొంచెం. నౌకాదళాధిపతి డోనిట్జ్ 1956లో స్పాండౌ జైలు నుంచి విడుదలై 1980 డిసెంబరులో చనిపోయేదాకా, అడిగినవారికి జవాబులు రాస్తూనే ఉన్నాడు. గాలండ్, హార్ట్‌మన్ వంటి యుద్ధ విమాన చోదకులూ అంతే. ఇవి ఎక్కువ, కాబట్టి చవక. సంతకాలు గుర్తుపట్టడం నేర్చుకోవడానికి పనికొస్తాయి. కానీ విషయం చాలావరకు ఆత్మసమర్థనే. అదీగాక ఈ ముసలి వయసు సంతకాలే దొంగలకు నమూనాలు. 1943 తేదీ ఉన్న కాగితం మీద 1970ల నాటి వణికే సంతకం కనిపిస్తే జరిగింది ఇదే. పోల్చి చూడడానికి యుద్ధకాలపు నమూనాలే కావాలి. అమెరికా జాతీయ పత్రాగారం స్వాధీనం చేసుకున్న జర్మన్ దస్తావేజుల మైక్రోఫిల్ములు వాటికి మంచి వనరు. పోట్స్‌డామ్‌లోని సైనిక పత్రాగారం 1945 ఏప్రిల్ బాంబు దాడిలో తగలబడింది గనుక భూసైన్యపు అధికారుల నమూనాలు దొరకడం నౌకాదళం వారికన్నా కష్టం.

భారతీయ సేకర్తలకు గాలం వేసే రకం ఒకటుంది. నేతాజీ జర్మనీలో ఉన్నప్పుడు ఏర్పడిన భారతీయ దళానికి, అంటే 950వ పదాతి రెజిమెంటుకు చెందిన జర్మన్ అధికారుల కాగితాలు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి యు-180 జలాంతర్గామిలో నేతాజీ బయలుదేరినప్పుడు వెంట ఉన్నది మన హైదరాబాదు వాడైన ఆబిద్ హసన్. అందువల్ల మన ప్రాంతంలో వీటికి సహజంగానే గిరాకీ ఉంది, ఆ గిరాకీకి తగిన నకిలీలూ ఉన్నాయి. మీరు బిళ్లల సేకర్త కాబట్టి ఒకటి చెబుతాను: బెర్లిన్‌లో అచ్చయిన ఆజాద్ హింద్ బిళ్లలు తపాలా వాడుకలోకి రాలేదు. వాటిని అంటించి ముద్ర కొట్టిన కవరును నిజంగా ప్రయాణించిన ఉత్తరంగా ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

చట్టం సంగతి క్లుప్తంగా. జర్మనీలో స్వస్తిక వంటి నాజీ గుర్తులను బహిరంగంగా ప్రదర్శించడం నేరం, పరిశోధనకూ బోధనకూ మినహాయింపు ఉంది. అక్కడి వేలం సంస్థలు కొనేవారి నుంచి ఆ మేరకు హామీ రాయించుకుంటాయి. యూరోపియన్ యూనియన్ నుంచి 50 ఏళ్లు దాటిన రాతప్రతులు బయటికి పంపడానికి ఎగుమతి అనుమతి నిబంధన ఉంది, ఆ బాధ్యత అమ్మేవారిదేనని ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. మన దగ్గర 1972 నాటి పురావస్తువుల చట్టం చారిత్రక విలువ ఉన్న 75 ఏళ్ల దస్తావేజులను కూడా పురావస్తువులుగానే లెక్కిస్తుంది. కాబట్టి ఇక్కడికి తెచ్చుకున్న ఉత్తరాన్ని రేపు విదేశానికి అమ్మాలంటే అంత తేలిక కాదని తెలిసి కొనండి. దిగుమతి సుంకం కోసం రసీదు, వర్ణన సరిగ్గా ఉండేలా చూడండి.

భద్రపరచడంలో మొట్టమొదటి మాట: లామినేషన్ చేయించకండి. మన ఇళ్లలో సర్టిఫికెట్లకు అలవాటైన ఆ పని ఉత్తరాన్ని శాశ్వతంగా చంపేస్తుంది. సెల్లోటేపు, జిగురు కూడా వద్దు. పాలియెస్టర్ కవరులో ఒక్కొక్క కాగితం మడత విప్పి ఉంచండి, మెత్తటి పీవీసీ కవర్లు వాడకండి. యుద్ధకాలపు కాగితం నాసిరకం చెక్కగుజ్జుతో చేసినది, దానంతటదే పసుపెక్కి పెళుసవుతుంది. వెలుతురు తగలకుండా, ఆమ్లం లేని అట్టపెట్టెలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. కోస్తా ఊళ్లలో బయటి గోడకు ఆనించిన బీరువా పనికిరాదు, వానాకాలంలో ఆ గోడే చెమ్మ ఇస్తుంది.

మీ సంతాపలేఖకు ఇది ఇంకా ముఖ్యం. చిత్రంలో చూస్తే కవరు మీద చిరునామా సిరాతో రాసినట్లు లేదు. బూడిదరంగు గీతల మధ్య అక్కడక్కడ ఊదారంగు తేలుతోంది. అది కాపీయింగ్ పెన్సిలు, యుద్ధరంగంలో అందరి జేబులోనూ ఉండేది. చెమ్మ తగిలితే చాలు, అందులోని రంగు కరిగి ఊదాగా పాకుతుంది. తడి వేలితో ముట్టుకున్నా చెరిగిపోతుంది.

అమ్మేవారికి రాసి కవరు వెనుక వైపు చిత్రం, దళ ముద్ర దగ్గరి చిత్రం, అతినీలలోహిత వెలుతురులో ఒక చిత్రం అడగండి. ఆ కుటుంబపు ఉత్తరాలు ఇంకా ఉన్నాయా, ఈ ఒక్కటే విడదీసి అమ్ముతున్నారా అని కూడా అడగండి. మిగతావి ఉంటే కట్టగా కొనడానికి ప్రయత్నించండి, డబ్బు చాలకపోతే కనీసం వాటి చిత్రాలైనా అడిగి తెచ్చుకోండి. ఐదంకెల సంఖ్య, తేదీ నాకు రాసి పంపితే ఏ దళమో జాబితాల్లో వెతికి చెబుతాను.